కప్పకంటే ముందు కీచురాయికి తిండి పెట్టండి

ప్రశ్న: నెల రోజుల క్రితం రెండు వైట్స్ చెట్టుకప్పలను ఇంటికి తెచ్చుకున్నాను. పెద్దది సుమారు 9 సెంటీమీటర్లు, చిన్నది 4 సెంటీమీటర్లు ఉంటుంది. రెండింటినీ ఒకే గాజు పెట్టెలో ఉంచాను. ప్రతి రాత్రి ఇరవై దాకా కీచురాళ్లను లోపల వదిలి దీపం ఆర్పేస్తాను. తెల్లవారేసరికి కొన్ని నీళ్ల గిన్నెలో చచ్చి తేలుతుంటాయి, కొన్ని ఎక్కడున్నాయో తెలియదు. పెద్దది ఎన్ని వేసినా తింటుంది. చిన్నది వారం రోజులుగా పురుగు మీదికి దూకుతోంది కానీ పట్టుకోలేకపోతోంది. కాల్షియం పొడి అద్దాలని అమ్మినవారు చెప్పారు, నేను ఇంకా కొనలేదు. తెచ్చిన కీచురాళ్లు డబ్బాలోనే రెండు మూడు రోజులకు చచ్చిపోయి దుర్వాసన వస్తోంది. తోటలో దొరికే పురుగులు వేయవచ్చా? ఉన్నమాట చెప్పాలంటే, ప్రాణంతో ఉన్న పురుగును వేయడానికి నాకు చెయ్యి రావడం లేదు. చచ్చినవి పెడితే సరిపోదా? వచ్చే నెలలో ఐదు రోజులు ఊరు వెళ్లాలి, అప్పుడేం చేయాలి?

సమాధానం: మీ ప్రశ్నల జోలికి వెళ్లేముందు మీరు అడగని ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఈ రాత్రికే సంబంధించినది. ఆ రెండు కప్పలను ఈ రోజే వేరు చేయండి. ఎదుట కదిలేది తన నోట్లో పడుతుందా లేదా అన్నదే వైట్స్ చెట్టుకప్పకు తెలిసిన లెక్క. అది పురుగా, తన జాతి పిల్లా అన్న విచక్షణ దానికి లేదు. 9 సెంటీమీటర్ల కప్ప 4 సెంటీమీటర్ల కప్పను మింగగలదు. మింగకపోయినా, ఒకే పురుగు మీదికి రెండూ దూకినప్పుడు చిన్నదాని కాలో చెయ్యో పెద్దదాని నోట పడుతుంది. చిన్నదాని కోసం గొప్ప ఏర్పాట్లేమీ అక్కర్లేదు. గాలి ఆడే మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె, అడుగున తడిపిన కాగితపు తువాలు, ఎక్కడానికి ఒక కొమ్మ, దాక్కోవడానికి కొన్ని ఆకులు, లోతు లేని నీళ్ల గిన్నె ఉంటే ప్రస్తుతానికి చాలు. కాగితాన్ని రోజూ మారుస్తూ ఉంటే అది ఏం తిన్నదీ, ఎంత విసర్జించిందీ కూడా మీకు స్పష్టంగా తెలుస్తుంది.

ఆ చిన్నది పురుగు మీదికి దూకి తప్పిపోతోందని రాశారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన వాక్యం అదే. దూకుతోందంటే దానికి ఆకలి ఉంది, పురుగు కనిపిస్తోంది. అయినా పట్టు తప్పుతోందంటే చూపులోనో, నాలుకలోనో, దవడలోనో, కండరాల్లోనో లోపం ఉండి ఉండాలి. కప్ప నాలుక మన నాలుకలా గొంతు వైపు కాక కింది దవడ ముందు అంచున అతికి ఉంటుంది. అది బయటికి తిరగబడి పురుగును తాకి, తన జిగురుతో అంటించుకుని లోపలికి లాగుతుంది. విటమిన్ ఏ కొరవడినప్పుడు ఆ జిగురును ఊరించే గ్రంథుల కణాలు తమ స్వభావం మారి గట్టిపడతాయి, జిగురు తగ్గుతుంది, నాలుక పురుగును తాకినా పురుగు అంటుకోదు. దీన్ని పొట్టి నాలుక జబ్బు అంటారు, నాలుక నిజంగా పొట్టిదైపోకపోయినా. కాల్షియం చాలని కప్పలో దవడ ఎముక మెత్తబడి వంగుతుంది, కాళ్లు వంకర తిరుగుతాయి, వేళ్లు అదురుతాయి, ముదిరితే ఒళ్లంతా బిగుసుకుపోయి మూర్ఛ వస్తుంది. ఎదిగే వయసులో ఉన్న పిల్ల నెల రోజులుగా పొడి అద్దని కీచురాళ్ల మీదే ఉంది కనుక ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు, రెండూ కావచ్చు. ఉభయచరాలను చూసే పశువైద్యుడి దగ్గరికి ఈ వారంలోనే తీసుకువెళ్లండి, దానితోపాటు తాజా మలం కొంచెం చిన్న డబ్బాలో పట్టుకెళితే పేగుల్లో పరాన్నజీవులు ఉన్నాయేమో కూడా చూస్తారు. విటమిన్ ఏ చుక్కలను మీ అంతట మీరు కొని వేయకండి. అది శరీరంలో నిల్వ ఉండిపోయే విటమిన్, ఎక్కువైనా హాని చేస్తుంది, ఆ చిన్న శరీరానికి ఎంత మోతాదు ఇవ్వాలో లెక్క కట్టడం వైద్యుల పని.

ఇక బతికిన పురుగే ఎందుకు అన్న మీ ప్రశ్న. కప్ప కన్ను కదలికను పట్టుకునేలా రూపొందిన కన్ను. కదలకుండా పడి ఉన్న పురుగు కప్ప ముక్కు ముందే ఉన్నా దాని దృష్టిలో అది తిండి కాదు. అదే పురుగు మీసం ఒకసారి ఆడిస్తే కప్ప తల తిప్పుతుంది, ముందుకు వంగుతుంది, దూకుతుంది. కప్పకు నమిలే పళ్లు లేవు, పై దవడకు ఉన్న సన్నని పళ్లు పురుగు జారిపోకుండా పట్టుకోవడానికే పనికొస్తాయి. మింగేటప్పుడు కళ్లు రెండూ తలలోకి కుంగిపోవడం మీరు గమనించే ఉంటారు. ఆ కనుగుడ్లే లోపలి నుంచి నొక్కి ఆహారాన్ని గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి. మొదటిసారి చూసినవారు దానికేదో నొప్పి కలుగుతోందని భయపడతారు, భయపడనక్కర్లేదు. అలాగే అప్పుడప్పుడు కప్ప ఒళ్లు విరుచుకుంటూ నోరు తెరిచి మూస్తూ తన చర్మం పైపొరను తానే లాగి తినేస్తుంది. అదీ సహజమే, ఆ పూట పురుగు వద్దంటే బలవంతపెట్టకండి.

చచ్చిన పురుగును పట్టకారుతో పట్టి మెల్లగా ఆడిస్తే కొన్ని కప్పలు తింటాయి. మీ పెద్దదానిలాంటి తిండిపోతు తొందరగానే నేర్చుకోవచ్చు. అయితే ఎండబెట్టిన పురుగుల్లో నీరు ఉండదు, వాటి కడుపులో మనం నింపగలిగినదీ ఏమీ ఉండదు, కనుక ఎప్పుడో ఒక పూటకు తప్ప వాటి మీదే ఆధారపడటం నాకు సమ్మతం కాదు. మీకు చెయ్యి రావడం లేదన్న మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. ఇంకో ప్రాణిని బలిగా ఇవ్వడానికి వెనుకాడే మనసు కప్పను పెంచడానికి తగిన మనసే. ఆ కీచురాయి మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆకలితోనో, దాహంతోనో, కుళ్లిన డబ్బాలో ఊపిరాడకనో చావకుండా చూడటం, చివరికి ఎక్కువసేపు వేటాడబడకుండా ఒక్క దూకుతో పని ముగిసేలా ఏర్పాటు చేయడం, ఈ రెండూ మీ చేతిలో ఉన్నాయి. అదృష్టవశాత్తూ ఈ రెండే కప్ప ఆరోగ్యానికి కూడా కావలసినవి. చేత్తో తాకవలసిన అవసరం అసలు లేదు. గుడ్ల అట్ట ముక్కను ఎత్తి ఒక లోతైన లోటాలో దులిపితే కీచురాళ్లు వాటంతట అవే లోపల పడతాయి.

కప్ప ఏం తింటుందని అడిగితే కీచురాయి అంటాం. పోషణ లెక్కన చూస్తే, ఆ కీచురాయి అంతకుముందు ఒకటి రెండు రోజుల్లో తిన్నది కూడా కప్ప భోజనంలో భాగమే, ఎందుకంటే కప్ప దాన్ని కడుపుతో సహా మింగుతుంది. ఖాళీ కడుపుతో ఉన్న కీచురాయిలో మాంసకృత్తులు, కొంత కొవ్వు, పైపెంకు ఉంటాయి. కాల్షియం మాత్రం అతి తక్కువ. అంతకంటే చిక్కు ఏమిటంటే దానిలో ఫాస్ఫరస్ కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కప్ప తిండిలో కాల్షియం ఫాస్ఫరస్ కంటే ఎక్కువగా, 1 వంతు ఫాస్ఫరస్‌కు 1.5 నుంచి 2 వంతులు ఉండాలి. ఈ నిష్పత్తి తలకిందులైనప్పుడు రక్తంలో కాల్షియం మట్టాన్ని నిలబెట్టుకోవడానికి శరీరం తన ఎముకలనే కరిగించుకుంటుంది. పైకి కప్ప బాగానే తింటున్నట్టు, బాగానే ఎదుగుతున్నట్టు కనిపిస్తుంది. దవడ వంగిన తరువాత గాని మనకు తెలియదు. నేను పెంచిన మొదటి కప్ప విషయంలో అదే జరిగింది. ప్రతి రాత్రీ కడుపునిండా కీచురాళ్లు తింటున్న ప్రాణికి పోషకాహార లోపం ఉంటుందని నాకు తోచలేదు. వైద్యం చేయించాక అది బతికింది కానీ కింది దవడ చివరిదాకా వంకరగానే ఉండిపోయింది. అందుకే పొడి ఇంకా కొనలేదని మీరు రాసిన చోట నేను కాసేపు ఆగిపోయాను. ఈ రోజు బజారుకు వెళ్లే పని ఉంటే ముందు అదే కొనండి.

రెండు డబ్బాలు కావాలి. ఒకటి విటమిన్ డీ3 కలిసిన కాల్షియం పొడి, ఫాస్ఫరస్ లేనిది. రెండోది సరీసృపాలకూ ఉభయచరాలకూ ఉద్దేశించిన బహుళ విటమిన్ల పొడి. దానిలో ‘ఏ’ విటమిన్ ఎలాంటి రూపంలో ఉందో డబ్బా మీద చదవండి. క్యారెట్‌లోనూ ఆకుకూరల్లోనూ ఉండే బీటా కెరోటిన్‌ను విటమిన్ ఏగా మార్చుకునే శక్తి కప్పలకు చాలా తక్కువ, కనుక రెటినాల్ రూపంలో నేరుగా విటమిన్ ఏ ఉన్న పొడినే ఎంచుకోవాలి. ఎదిగే పిల్లకు ప్రతి పూటా కాల్షియం, వారానికొకసారి దాని బదులు విటమిన్ల పొడి ఇవ్వవచ్చు. పెద్దదానికి పూట విడిచి పూట కాల్షియం, రెండు వారాలకొకసారి విటమిన్ల పొడి సరిపోతాయి. మీ వైద్యులు పరీక్షించి వేరే లెక్క చెబితే ఆ లెక్కే పాటించండి. ఒకే పూట రెండు పొడులూ కలిపి గుమ్మరించకండి. డబ్బా తెరిచిన తేదీని దాని మీదే రాసుకుని, ఆరు నెలలు దాటితే మిగిలినది పారేసి కొత్తది కొనండి. గాలీ తేమా తగిలిన కొద్దీ విటమిన్ల బలం పోతుంది.

పొడి అద్దడం చిటికెలో అయ్యే పనే, కానీ వేళ చూసి చేయాలి. లోటాలో పడిన కీచురాళ్ల మీద చిటికెడు పొడి వేసి, లోటాను రెండు మూడుసార్లు మెల్లగా తిప్పితే పురుగు ఒంటికి పలచని పూత పడుతుంది. తెల్లగా ముద్దకట్టేంత వేస్తే కప్ప వాసన చూసి వెనక్కి తగ్గుతుంది. కీచురాయి ఎప్పుడూ తన ఒళ్లు తాను శుభ్రం చేసుకుంటూ ఉంటుంది, నీళ్లలో పడితే పూత అంతా కడుక్కుపోతుంది. కనుక పొడి అద్దిన కొద్ది నిమిషాల్లోనే అది కప్ప నోట పడాలి. మీరిప్పుడు చేస్తున్నట్టు ఇరవై పురుగులను వదిలి పడుకుంటే, పొడి కొన్నా దానిలో చాలా భాగం పెట్టె అడుగునే మిగులుతుంది.

అసలు ఆ అలవాటునే మానమని నా విన్నపం. తినకుండా మిగిలిన కీచురాళ్లు ఆకలేస్తే కప్పను కొరుకుతాయి. నిద్రపోయే కప్ప పొట్ట కింద, కాలివేళ్ల సందుల్లో, కంటి చుట్టూ ఆ గాట్లు పడతాయి, కప్ప చర్మం పలచనిది కనుక అక్కడి నుంచే సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. నీళ్లలో చచ్చినవి ఆ నీటిని పాడుచేస్తాయి; కప్ప నోటితో నీరు తాగదు, పొట్ట కింది చర్మం ద్వారానే పీల్చుకుంటుంది, కనుక మురికి నీళ్ల గిన్నెలో కూర్చున్న కప్ప ఆ మురికినే ఒంట్లోకి తీసుకుంటున్నట్టు. దాక్కున్నవి రోజూ కనిపిస్తూ కప్పకు విశ్రాంతి లేకుండా చేస్తాయి. ఈ రాత్రి కొమ్మలూ ఆకులూ ఒక్కొక్కటే బయటికి తీసి, మూలల్లో ఉన్న కీచురాళ్లన్నిటినీ ఏరివేయండి.

ఇక మీదట ఇలా పెట్టండి. చెట్టుకప్పలు రాత్రి తిరిగే ప్రాణులు, కనుక గదిలో దీపాలు తగ్గించి, కప్ప తనంతట తాను లేచి కళ్లు తెరిచాకే తిండి పెట్టాలి. నిటారైన నున్నని అంచులున్న గిన్నెలో, కప్ప లోపలికి చూడగలిగేటంత లోతులో, రెండు మూడు పురుగులను వేసి దాని ఎదుట ఉంచండి. పురుగు పైకి ఎక్కలేదు, కప్ప పైనుంచి వంగి తీసుకుంటుంది, పొడీ రాలిపోదు, అడుగునున్న మట్టీ గులకరాళ్లూ పురుగుతోపాటు కప్ప కడుపులోకి పోవు. గులకరాళ్లు మింగిన కప్పకు పేగు మూసుకుపోయి శస్త్రచికిత్స దాకా వెళ్లే సందర్భాలు ఉంటాయి, కాబట్టి మీ పెట్టె అడుగున అవి ఉంటే తీసేయండి. పట్టకారుతో అందించడం కూడా మంచి పద్ధతే. కొస మొద్దుగా ఉన్నదీ, వెదురుదో రబ్బరు తొడుగు ఉన్నదో వాడండి, ఎందుకంటే కప్ప గురి తప్పి పట్టకారునే గట్టిగా పట్టుకుంటుంది. పురుగును కప్ప ముఖానికి నేరుగా గుచ్చినట్టు చూపించకుండా, కొంచెం పక్కగా, నేల మీద నడుస్తున్నట్టు ఆడించండి. పావుగంటలో తిననివాటిని తీసి డబ్బాలో వేసేయండి.

పురుగు పొడవు కప్ప రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదన్నది పెంపకందారులంతా పాటించే కొలత. పెద్దదానికి కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, చిన్నదాని విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. బహుశా మీరు రెండింటికీ ఒకే పరిమాణం కీచురాళ్లను వేస్తున్నారు. చిన్నది పట్టు తప్పడానికి అదీ ఒక కారణం కావచ్చు. దానికి రోజూ గాని రోజు విడిచి రోజు గాని మూడు నాలుగు చిన్న కీచురాళ్లు చాలు. వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లేలోపు, పురుగులను ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి తీసి వేస్తే అవి మందకొడిగా కదులుతాయి, పట్టుకోవడం తేలికవుతుంది. అంతకంటే ఎక్కువసేపు ఉంచకండి.

పెద్దదాని సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. ఆస్ట్రేలియా, న్యూగినీలకు చెందిన ఈ కప్పను 1790లో జాన్ వైట్ అనే శస్త్రవైద్యుడు వర్ణించాడు, పేరూ ఆయనదే. అప్పటి నుంచి చూసినవారందరి కళ్లకూ ఆనింది దాని బొద్దుతనమే. పెంపకంలో ఆ బొద్దుతనం ఇట్టే స్థూలకాయంగా మారుతుంది, ఎందుకంటే అడవిలో పురుగులు దొరకని రోజులుంటాయి, మన ఇంట్లో ఉండవు. పెట్టిందంతా తింటోందని పెట్టడం దానికి మేలు చేయదు. మూడేళ్ల లోపుదో పైదో తెలియకపోయినా, 9 సెంటీమీటర్లు ఉందంటే ఎదుగుదల దాదాపు పూర్తయినట్టే; రెండు మూడు రోజులకొకసారి నాలుగైదు పెద్ద కీచురాళ్లు దానికి చాలినంత భోజనం. చెవి పొర మీద, కంటి వెనుక ఉండే చర్మపు మడతను చూస్తూ ఉండండి. కొద్దిగా ఉబ్బి ఉంటే సరే. ఆ మడత చెవి పొరను పూర్తిగా కప్పేసి, కంటి మీదికి వాలుతుంటే తిండి తగ్గించాలి. మడత అసలు కనిపించకుండా తల ఎముకలు తేలి ఉంటే పెంచాలి. కొవ్వు ఎక్కువైన తిండి ఏళ్ల తరబడి పెడితే కొన్ని చెట్టుకప్పల కంటిపాప మీది పొరలో తెల్లని కొవ్వు మచ్చలు పేరుకుని చూపు పోతుంది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలను పెట్టమని కొందరు సలహా ఇస్తారు. ఇంత దూరం ఆలోచించాక నేను ఆ సలహాను సమర్థించలేను. ఇలా జాగ్రత్తగా పెంచితే ఈ కప్ప 15 ఏళ్లకు పైగా బతుకుతుంది.

ఇప్పుడు డబ్బాలో చస్తున్న కీచురాళ్ల విషయం. అవి వచ్చిన చిన్న డబ్బా ప్రయాణానికి ఉద్దేశించినది, నివాసానికి కాదు. 30 సెంటీమీటర్లకు తగ్గని ఎత్తున్న నున్నని ప్లాస్టిక్ తొట్టె తీసుకుని, మూతలో పెద్ద రంధ్రం కోసి సన్నని లోహపు జల్లెడ బిగించండి. గుడ్డనూ నైలాన్ వలనూ అవి కొరికి బయటపడతాయి. లోపల గుడ్ల అట్టలను నిలువుగా పేర్చితే మలం కిందికి రాలిపోతుంది, ఒకదాన్నొకటి తప్పించుకోవడానికి చోటు దొరుకుతుంది. ఇరుకులో ఉంచితే అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. తొట్టె పొడిగా, వెచ్చగా, 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. మీ డబ్బాలో వాసన, చావులు రెండింటికీ అసలు కారణం తేమా, గాలి ఆడకపోవడమూ అయి ఉంటాయి. మలం నుంచి పుట్టే అమ్మోనియా ఇరుకు డబ్బాలో నిలిచిపోయి వాటిని చంపుతుంది. విప్పారిన గిన్నెలో నీళ్లు పెడితే మునిగి చస్తాయి కనుక దాహానికి క్యారెట్ ముక్కో బంగాళాదుంప ముక్కో పెట్టి, మెత్తబడకముందే మార్చండి. చచ్చినవాటిని రోజూ తీసేయండి, వారానికొకసారి తొట్టె మొత్తం ఖాళీ చేసి కడిగి ఆరబెట్టండి. రాత్రంతా కీచుమనే శబ్దం ఇంట్లోవారికి ఇబ్బందైతే రెక్కలు రాని పిల్ల కీచురాళ్లనే కొనండి, ఎందుకంటే పాడేవి ఎదిగిన మగవి మాత్రమే. తోక దగ్గర సూదిలాంటి పొడవైన గొట్టం ఉన్నది ఆడది.

వాటికి పెట్టే తిండిని రెండు భాగాలుగా ఆలోచించండి. మామూలు రోజుల్లో తవుడు, ఓట్స్ వంటి ధాన్యపు పొడి, బాగా కడిగిన ముదురు ఆకుకూరలు, గుమ్మడి, క్యారెట్ సరిపోతాయి. పాలకూరలో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి కనుక దాన్ని తప్పించండి. కప్పకు వేయబోయే కీచురాళ్లకు మాత్రం, ఆ ముందు రెండు రోజులూ, కీచురాళ్ల కడుపు నింపడానికే తయారుచేసి అమ్మే కాల్షియం మేత పెట్టండి. ఆ మేతలో కాల్షియం కనీసం 8 శాతం ఉంటేనే ఫలితం కనిపిస్తుంది. అంత కాల్షియం కీచురాళ్లకు సహజం కాదు, ఎక్కువ రోజులు తింటే వాటికే చేటు, అందుకే రెండు మూడు రోజులకు మించి ఆ మేత మీద ఉంచకూడదు. ఈ పద్ధతి కోసం నేను రెండు తొట్టెలు వాడతాను. పెద్ద తొట్టెలో అన్నీ ఉంటాయి, చిన్నదానిలో రాబోయే పూటకు ఎంచినవి మాత్రమే ఉంటాయి.

కీచురాళ్లతోనే ఏళ్లు గడపడం కూడా మంచిది కాదు. వానపాములు కప్పలకు ఎంతో మంచి ఆహారం, కాల్షియం విషయంలో కీచురాళ్ల కంటే చాలా మేలు. చిన్న ముక్కలుగా కోసి పట్టకారుతో పెట్టవచ్చు. నల్ల సైనిక ఈగ లార్వాల్లో కాల్షియం సహజంగానే ఎక్కువ. పట్టుపురుగులు మెత్తగా ఉంటాయి, సులభంగా అరుగుతాయి. డూబియా బొద్దింకలు నున్నని గోడ ఎక్కలేవు, కీచుమనవు, వాసన తక్కువ, కానీ వదిలితే మట్టిలో దూరి కదలకుండా కూర్చుంటాయి కనుక గిన్నెలోనో పట్టకారుతోనో పెట్టాలి. కొన్ని ప్రాంతాల్లో వీటిని ఉంచుకోవడానికి అనుమతి లేదు, ముందుగా తెలుసుకోండి. మీల్‌వార్మ్‌ల (ఒక రకం పెంకుపురుగు లార్వాల) పెంకు గట్టిది, కొవ్వు ఎక్కువ, కనుక ఎప్పుడో ఒకసారి చాలు. వ్యాక్స్‌వార్మ్‌లు (మైనపు చిమ్మట లార్వాలు) దాదాపు కొవ్వు ముద్దలే. జబ్బు నుంచి లేచిన బక్క కప్పకు తప్ప నేను పెట్టను.

తోటలో పట్టిన పురుగులను వద్దనే చెబుతాను. మీరు మందు కొట్టకపోయినా పక్కవారు కొట్టి ఉండవచ్చు, ఆ మందు తిన్న పురుగు మీ చేతికి తేలికగా దొరికిందంటే అది ముందే నీరసించి ఉన్నందువల్లే కావచ్చు. పరాన్నజీవులు ఉంటాయి. కొన్ని పురుగులు స్వయంగా విషపూరితాలు: మిణుగురుల శరీరంలో ఉండే లూసిబుఫాజిన్లు అనే పదార్థాలు గుండెను దెబ్బతీస్తాయి, ఒకటి రెండు మిణుగురులను తిని పెంపుడు బల్లులు చనిపోయిన ఉదంతాలు పశువైద్యంలో నమోదయ్యాయి. వెంట్రుకల గొంగళిపురుగులు, కంపుకొట్టే నల్లులు, తేనెటీగలు, కందిరీగలు అసలే కూడవు.

తిండి సరిగా ఉన్నా అరగాలంటే వెచ్చదనం కావాలి. కప్పకు సొంత ఒంటి వేడి లేదు. పెట్టె చల్లబడితే కడుపులో పురుగు అరగకుండా కుళ్లుతుంది. వైట్స్ కప్పకు పగలు 24 నుంచి 29 డిగ్రీలు, రాత్రి కొంచెం తక్కువ ఉండేలా చూసి, ఊహతో కాక ఉష్ణమాపకంతో కొలవండి. తక్కువ తీవ్రత గల యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాల) దీపం పెడితే కప్ప కొంత డీ3ని స్వయంగా తయారుచేసుకుంటుంది, కానీ మామూలు గాజు ఆ కిరణాల్లో చాలావాటిని ఆపేస్తుంది కనుక దీపాన్ని జల్లెడ మూత మీదే అమర్చాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ ఒక రోజు నిలవ ఉంచితే పోవచ్చు, క్లోరమిన్ అనే మరో రసాయనం పోదు. అందుకు నీటి శుద్ధి చుక్కలు వాడండి. పురుగులనో కప్పనో పట్టుకునే ముందు చేతులకు సబ్బు, క్రీము, మందు వాసన లేకుండా మంచి నీటితో కడుక్కోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. కప్పల మీద సాల్మొనెల్లా క్రిములు ఉండే అవకాశం ఉంది, అందుకే ఐదేళ్ల లోపు పిల్లల చేతికి కప్పను గాని దాని నీళ్ల గిన్నెను గాని ఇవ్వకూడదు.

చివరిగా మీ ప్రయాణం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కప్ప ఐదు రోజులు తినకుండా ఉండగలదు, బయలుదేరే ముందు రాత్రి మామూలుగా పెట్టి వెళ్లండి, రెట్టింపు పెట్టకండి, లోపల పురుగులు వదిలి వెళ్లకండి. దానికి రోజూ శుభ్రమైన నీరు, తేమ ఉంటే చాలు. చిన్నది అంతకాలం ఆగలేదు. వైద్యుడు దాన్ని చూసి, పురుగును తిరిగి సరిగ్గా పట్టుకోవడం మొదలయ్యేదాకా వీలైతే ప్రయాణమే వాయిదా వేయండి. అప్పటికి కోలుకుని ఉంటే, ఇంటికి వచ్చి చూసుకునేవారి కోసం మూడు చిన్న డబ్బాల్లో మూడేసి కీచురాళ్లను, క్యారెట్ ముక్కతో సహా, లెక్కపెట్టి ఉంచి, ఒక్కోదాని మీద తేదీ రాయండి. పొడి ఎంత వేయాలో, గిన్నె ఎక్కడ పెట్టాలో మీ ఎదుటే ఒకసారి చేయించండి. పావుగంట తరువాత గిన్నెలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి తీసేయమని, ఆ లెక్కను ప్రతిసారీ మీకు ఫోనులో చెప్పమని అడగండి. వరుసగా రెండు పూటలు మూడూ మిగిలిపోతే ఎవరికి ఫోన్ చేయాలో వైద్యుడి నంబరు కూడా ఆ డబ్బాల పక్కనే రాసి పెట్టి వెళ్లండి.